నౌకాస్థావరంలో కొత్త కాపురం

ఉద్యోగరీత్యా ఒక ఊరు విడిచి మరొక ఊరికి తరలిపోవడం ఈ కాలంలో వింత కాదు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రైల్వే సిబ్బంది బదిలీలతోనే జీవితం గడుపుతారు. అయితే వీరందరూ ఊరి నుండి ఊరికి వెళ్లేవారు. నౌకాదళంలో పనిచేసేవారు ఊరికి కాక నౌకకో, స్థావరానికో బదిలీ అవుతారు. ఆ స్థావరం ఏ ఊరిని ఆనుకొని ఉంటే ఆ ఊరికి వారి కుటుంబం తరలివస్తుంది. ఉద్యోగి కోసం అక్కడ ఒక హోదా, ఒక విధి, ఒక దినక్రమం ముందుగానే సిద్ధంగా ఉంటాయి. కుటుంబానికి అటువంటి ఏర్పాటేదీ ఉండదు. కొత్త ఊరిలో తమ చోటును తామే వెదుకుకోవాలి. ఈ తేడాను గమనించకపోతే నౌకాస్థావరాన్ని గురించి ఎంత వ్రాసినా అది ఓడల జాబితాగానే మిగిలిపోతుంది. దీనిని అర్థం చేసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. మన తీరంలోనే విశాఖపట్టణం ఉన్నది.

'పట్టణం' అనే మాటకు నేడు నగరమనే అర్థం స్థిరపడింది. కాని కోస్తాలో మచిలీపట్నం, కృష్ణపట్నం, భీమునిపట్నం అనే పేర్లను వరుసగా చదివితే అది రేవు ఊరికి పెట్టిన పేరని తెలుస్తుంది. మధ్యయుగ శాసనాలలో విశాఖకు కులోత్తుంగచోళపట్టణమనే పేరు కూడా కనిపిస్తుంది. అనగా తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఇక్కడికి పరదేశులు వస్తూ పోతూ ఉండేవారు. కొత్తవారిని చూడడం ఈ ఊరికి కొత్త కాదు.

మన తూర్పు తీరం చాలావరకు పల్లమైనది, ఇసుక మేటలతో నిండినది. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేక దూరంగా నిలిచిపోయేది. విశాఖలో మాత్రం డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోనికి చొచ్చుకొని ఉంటుంది. దాని చాటున ఒక ఉప్పుటేరు, దాని వెనుక చిత్తడి నేలలు ఉండేవి. ఆ చిత్తడిని త్రవ్వి, త్రవ్విన మన్నుతోనే పల్లపు నేలలను పూడ్చి రేవును నిర్మించారు. ఇసుక కొట్టుకురాకుండా 'జానస్', 'వెలెడ్‌సన్' అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకొన్నారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఈ రేవులో ప్రవేశించింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన 'జల ఉష' నౌకను 1948 మార్చి 14న ప్రధానమంత్రి నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ కంపెనీ చేతులు మారి హిందుస్థాన్ షిప్‌యార్డుగా పేరు మార్చుకొన్నది. కాని ఆ ప్రాంతాన్ని ప్రజలు ఇప్పటికీ 'సింధియా' అనే అంటారు. సంస్థల కన్నా ఊరి పేర్లకు ఆయుర్దాయం ఎక్కువ.

రేవు ఉన్నచోటికి యుద్ధం కూడా వస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఊరి జనం సామాన్లు మూటగట్టుకొని లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ ఏడాదే గుంటూరుకు తరలివెళ్లి 1946లో గాని తిరిగిరాలేదు. స్వాతంత్ర్యానంతరం, 1968 మార్చి 1న, తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. సోవియట్ యూనియన్ నుండి జలాంతర్గాములను కొన్న కాలమది. వాటికి కావలసిన స్థావరం, మరమ్మతు కేంద్రాలు సోవియట్ సహకారంతోనే ఇక్కడ రూపొందాయి. అప్పటి నుండి దేశం నలుమూలల నుండి కుటుంబాలు ఈ ఊరికి రావడం మొదలైంది.

ఈ స్థావరాన్ని గురించి తెలియనివారికి మొదట వింతగా తోచేది భాష. నౌకాదళంలో ఒడ్డున ఉన్న కట్టడాలకు కూడా ఓడకు వలెనే ఐ.ఎన్.ఎస్. అని పేరు పెడతారు. 'భారత నౌకాదళ నౌక' అని దాని అర్థం. నాలుగు గోడలు, పైకప్పు, ముందర పూలమొక్కలు ఉన్న కార్యాలయం కూడా నౌకే. దాని గేటు దాటి బజారుకు వెళ్లడాన్ని 'ఒడ్డుకు వెళ్లడం' అంటారు. విశాఖలోని ఈ 'నౌకల' పేర్లు తెలుగు చరిత్ర చదివినవారికి ముచ్చట గొలుపుతాయి. 'సర్కార్స్' అనేది ఉత్తర సర్కారుల నుండి వచ్చిన పేరు. జలాంతర్గామి శిక్షణ కేంద్రం పేరు 'శాతవాహన'. ఓడ బొమ్మతో నాణేలు ముద్రించిన రాజవంశం పేరు సముద్రవిద్య నేర్పే చోటికి పెట్టడం ఉచితంగానే ఉన్నది. నౌకల గ్యాస్ టర్బైన్లను బాగుచేసే కేంద్రానికి ఓరుగల్లు పూర్వనామమైన 'ఏకశిల' పేరు పెట్టారు. భీమిలి వద్దనున్నది 'కళింగ'. విమాన స్థావరం పేరు 'డేగ'. ఉత్తరాది నుండి వచ్చిన నావికుడు తనకు తెలియకుండానే తెలుగు దేశ చరిత్రలోని నాలుగైదు మాటలను రోజూ పలుకుతూ ఉంటాడు.

ఇక కుటుంబం రాక సంగతి చూద్దాం. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాటి నుండి ఇంటిలో నల్లరంగు పెట్టెలు మంచాల కింద నుండి బయటికి వస్తాయి. వాటిపై తెల్లరంగుతో పేరు, హోదా, చేరవలసిన చోటు వ్రాస్తారు. కొచ్చి, ముంబయి, కార్వార్, విశాఖ – ఒకదానిపై ఒకటి పూసిన రంగుల కింద పాత ఊళ్లు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. ఏ పెట్టెలో ఏమున్నదో ఇల్లాలి నోటు పుస్తకంలో వరుస సంఖ్యలతో ఉంటుంది. పప్పుల డబ్బాలు ఖాళీ చేయాలి, గ్యాసు కనెక్షన్ మార్పించాలి, బడి నుండి టి.సి. తీసుకోవాలి. వీటిలో చాలా పనులు ఇంటి యజమాని సముద్రం మీద ఉండగానే జరుగుతాయి.

విశాఖ చేరగానే స్థావరంలో ఇల్లు దొరుకుతుందని చెప్పలేము. వివాహితులకు ఇచ్చే క్వార్టర్లకు వరుస జాబితా ఉంటుంది. తమ వంతు వచ్చేవరకు మల్కాపురంలోనో, శ్రీహరిపురంలోనో, గాజువాకలోనో, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు వైపునో అద్దె ఇంటిలో ఉండాలి. ఎన్.ఎ.డి. అంటే నావికా ఆయుధాగారం. ఒక కూడలికి ఆయుధాగారం పేరు ఇంత మామూలుగా అతుక్కుపోయిన ఊరు మన రాష్ట్రంలో మరొకటి లేదనుకుంటాను. బస్సు కండక్టరు ఆ మూడక్షరాలను పిలిచేటప్పుడు వాటి వెనుక ఏమున్నదని ఎవరూ ఆలోచించరు.

నా అభిప్రాయంలో ఆ అద్దె ఇంటి కాలమే నిజమైన తరలింపు. స్థావరం లోపల హిందీతో, ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. క్యాంటీనులో సరుకులు, ఆసుపత్రి, బడి, అన్నీ అందుబాటులో ఉంటాయి. బయటి అద్దె ఇంటిలో నీళ్ల సమయం అడగాలన్నా, పాలవానికి రేపు అరలీటరు ఎక్కువ కావాలని చెప్పాలన్నా తెలుగు కావాలి. మొదట అంకెలు వస్తాయి. రైతుబజారులో 'ఎంత' అనే మాట వస్తుంది. తరువాత 'అక్కా', 'పిన్నిగారూ' అనే పిలుపులు వస్తాయి. పిలుపు వచ్చిన తరువాత భాష రావడానికి ఎంతో కాలం పట్టదు. పొరుగింటి ఆమె పండుగనాడు గారెలు పంపుతుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఏ దేశపు ఆడవారికైనా తెలుసు కనుక ఆ గిన్నెలో గుజియాలో, పుట్టు ముక్కలో తిరిగివస్తాయి.

స్థావరం జీవితంలో కొన్ని నియమాలను కుటుంబం కూడా పాటించాలి. లోపలికి వెళ్లాలంటే గుర్తింపు కార్డు ఉండాలి. ఊరి నుండి తాతగారు వచ్చినా గేటు వద్ద ఆగవలసిందే. నౌక ఎప్పుడు బయలుదేరుతుందో, ఎక్కడికి వెళుతుందో, ఎప్పుడు తిరిగివస్తుందో బయట చెప్పరాదు. పొరుగువారు 'మీ వారు ఎప్పుడొస్తారమ్మా?' అని ఆప్యాయంగా అడిగితే, చాలాసార్లు ఆమెకు కూడా తెలియదు, తెలిసినా చెప్పకూడదు. ఆ ప్రశ్నకు చిరునవ్వుతో మాట మార్చడం నావికుల ఇంటివారు నేర్చుకొనే విద్యలలో మొదటిది. పిల్లవానికి జ్వరం వచ్చినా, ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నా, బిడ్డ పుట్టినా ఆ సమయానికి భర్త నడిసముద్రంలో ఉండవచ్చు. (1992 నుండి స్త్రీలు అధికారులుగా, 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం ద్వారా నావికులుగా కూడా నౌకాదళంలో చేరుతున్నారు. కనుక ఇంటివద్ద ఎదురుచూసేది భార్యే కానవసరం లేదు.)

గోప్యతకు ఊరు కూడా తోడ్పడిన సందర్భం ఒకటి ఉన్నది. 1971 యుద్ధంలో 'విక్రాంత్' అనే విమానవాహక నౌకను వెదుకుతూ పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' బంగాళాఖాతంలోనికి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లింది. అది విశాఖలోనే ఉన్నదని శత్రువు నమ్మేటట్లు చేయడానికి అప్పటి తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పెద్ద ఓడకు సరిపడే ఆహారపదార్థాలను ఊరిలోని కాంట్రాక్టర్ల వద్ద కొనుగోలు చేయించారు. సముద్రంలో వింతగా ఏది కనిపించినా తెలియజేయమని మత్స్యకారులకు చెప్పారు. డిసెంబరు 3-4 తేదీల నడుమ రాత్రి రేవు ముఖద్వారానికి దూరంలో ఘాజీ మునిగిపోయింది. అందులోని 93 మంది మరణించారు. 'రాజపుత్' నౌక వదలిన పేలుడు పదార్థాల వలన మునిగినదని మన నౌకాదళం చెబుతుంది. లోపలి ప్రమాదం వలన మునిగినదని పాకిస్తాను వాదం. నీటిపై తేలిన వస్తువులను మొదట తెచ్చి చూపినవారు మన జాలరులే. ఇప్పుడు ఆ సముద్రతీరంలో విజయస్మారకమున్నది. దానికి కొంత దూరంలో, 1969 నుండి 2001 వరకు పనిచేసిన 'కుర్సుర' జలాంతర్గామిని ఇసుకపైకి చేర్చి 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. దానిలో తలవంచి నడిచి చూసినవారికి నావికుని ఇల్లు ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది.

అయితే తరలింపు అంటే రావడం మాత్రమే కాదు. స్థావరం విస్తరించాలంటే భూమి కావాలి, తీరం కావాలి. అక్కడ అంతకు ముందే ఉన్నవారు వేరొక చోటికి తరలిపోవాలి. విశాఖకు దక్షిణంగా రాంబిల్లి తీరంలో చేపట్టిన మరొక నౌకాస్థావరం కోసం మత్స్యకారులు, రైతులు తమ ఊళ్లను, వేటకు వెళ్లే రేవులను వదులుకోవలసి వచ్చింది. పరిహారం కోసం, ఉపాధి కోసం వారు పలుమార్లు ఆందోళన చేశారు. బదిలీపై వచ్చిన కుటుంబానికి మూడేళ్లలో తిరుగు ప్రయాణం ఉంటుంది. వీరికి అది లేదు. పునరావాస కాలనీలో పక్కా ఇల్లు వస్తుంది గాని, గుమ్మంలో నుంచొని సముద్రం రంగు చూసి వేటకు వెళ్లాలో వద్దో నిర్ణయించుకొనే వీలు రాదు. దేశరక్షణకు స్థావరం అవసరమే. ఆ అవసరానికి వెల చెల్లించినవారు యూనిఫారం వేసుకొన్నవారు మాత్రమే కాదన్న మాట పాఠ్యపుస్తకంలో ఉండడం కూడా అవసరమే.

స్థావరంలో పనిచేసేవారందరూ యూనిఫారం వేసుకోరు కూడా. డాక్‌యార్డులో, ఆయుధాగారంలో పౌర ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల యువకులు ఐ.టి.ఐ. చదివి డాక్‌యార్డు అప్రెంటిస్ పాఠశాలలో చేరడం ఇక్కడ ఒక చక్కని అవకాశం. వారికి బదిలీలు తక్కువ గాని, ప్రమాదాలు లేవని కాదు. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్ వెళుతున్న ఎ.ఎన్.-32 విమానం బంగాళాఖాతంపై కనిపించకుండా పోయింది. అందులోని 29 మందిలో విశాఖ ఆయుధాగారానికి చెందిన పౌర ఉద్యోగులు 8 మంది ఉన్నారు. ఎన్నో రోజులు గాలించినా ఫలితం లేకపోయింది. చెన్నై తీరానికి దూరంగా, 3,400 మీటర్ల లోతున ఉన్న శకలాలు ఆ విమానానివేనని 2024 జనవరిలో తెలిసింది. ఏడున్నర సంవత్సరాల పాటు ఆ ఇళ్లవారు ఏ మాట అనుకొని నిద్రపోయారో ఊహించడం కష్టం.

పిల్లల చదువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దీనిని చదువుతున్నవారిలో కొందరు ఆ పిల్లలే కావచ్చు. బదిలీ ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాలలో ప్రాధాన్యమిస్తారు; తండ్రికో తల్లికో ఎన్ని బదిలీలు జరిగాయో కూడా లెక్కలోనికి తీసుకొంటారు. అక్కడ బోధన ప్రధానంగా హిందీ, ఇంగ్లీషు భాషలలో సాగుతుంది. అందుచేత ఊరు మారినా బడి మారినట్లుండదు. చిక్కంతా ఆ తరువాతనే. మన రాష్ట్రంలో ఉన్నత విద్య ప్రవేశాలకు 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకు ఒక కొలత పెట్టింది. అర్హత పరీక్ష సంవత్సరంతో ముగిసే నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా గుర్తించి, 85 శాతం స్థానాలను వారికి కేటాయించింది. మూడేళ్లకొక ఊరు మారే విద్యార్థికి నాలుగేళ్లు ఎక్కడ కుదురుతాయి? రాష్ట్రంలో పనిచేసే కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు మిగిలిన 15 శాతంలో పోటీపడవచ్చుననే వెసులుబాటు కొంత ఆదుకొంటుంది. ఇందులో మరొక విచిత్రమున్నది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి నౌకాదళంలో చేరిన తెలుగువాని బిడ్డ ముంబయిలో రెండేళ్లు, కొచ్చిలో మూడేళ్లు చదివి ఇంటికి వస్తే ఈ కొలత ప్రకారం సొంత గడ్డపై స్థానికేతరుడవుతాడు. తాతగారి పొలం గట్టున నిలబడి 'నేను ఎక్కడివాణ్ణి?' అని అడిగే ఆ పిల్లవానికి దరఖాస్తులో గడి లేదు. నిబంధనలు చేసినవారిది తప్పనను. స్థిరంగా ఉన్నవారి మేలు కోరి చేసిన ఏర్పాటు అది. అయినా ఆజ్ఞపై తిరిగేవారికి ప్రత్యేకమైన కొలత ఉండాలని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో మోటుపల్లి శాసనం గుర్తుకు వస్తుంది. నేటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో దానిని వేయించాడు. గాలివానకు దారితప్పి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారట. తాను అలా చేయననీ, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ పరదేశి వర్తకులకు ఆయన మాట ఇచ్చాడు. దానినే అభయశాసనమంటారు. సముద్రం మీదుగా వచ్చినవానికి ఒడ్డున దొరకవలసిన మొదటి వస్తువు అభయమని ఆ రాజు గ్రహించాడు. వర్తకుల వలన రాజ్యానికి లాభం కూడా ఉన్నదనుకోండి. ఆ సంగతి శాసనం చదివే విద్యార్థి మరువరాదు.

ఊరు, స్థావరం ఒకరికొకరు తోడై నిలిచిన రోజులు కూడా విశాఖకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ తీరాన్ని తాకింది. చెట్లు కూలి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి ఊరంతా ఒక్కసారిగా చీకటిలో మునిగింది. డేగ స్థావరం, దానిలోని పౌర విమానాశ్రయం కూడా బాగా దెబ్బతిన్నాయి. నౌకాదళ సిబ్బంది రోడ్లపై పడిన చెట్లను నరికి దారులు తెరిచారు. ఆ వారం రోజులూ నీళ్ల ట్యాంకరు వద్ద బిందెలు పట్టుకొని నిలుచున్నవారిలో ఎవరు స్థానికులో, ఎవరు కారో చెప్పడం సాధ్యం కాలేదు. క్యూలో ఏ భాష మాట్లాడినా బిందె వంతు బిందెదే.

చివరగా మా తరగతిలోని ఒక విద్యార్థిని ముచ్చట చెబుతాను. ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఒక నావికుని కుమార్తె ఇంటర్‌లో ద్వితీయ భాషగా తెలుగు తీసుకొన్నది. మార్కులు బాగా వస్తాయి, సంస్కృతం తీసుకొమ్మని అందరూ చెప్పారట. (మన తెలుగు పిల్లలు ఆ సలహాను ఎంత శ్రద్ధగా పాటిస్తారో నాకు తెలియనిది కాదు.) మాట్లాడటం కూరగాయలమ్మే ఆమె వద్ద నేర్చుకొన్నాననీ, వ్రాయడం కూడా నేర్చుకోవాలని ఉన్నదనీ ఆమె చెప్పింది. మొదటి వారంలో నేను ఏదో అడిగితే 'ఏటండి?' అన్నది. తరగతి అంతా ఘొల్లున నవ్వింది. నవ్వినవారిలో సగం మంది ఇళ్లలో ఆ మాటే వినబడుతుంది. 'ఏమిటి' అనేది పుస్తకాల మాట అయితే 'ఏటి' అనేది ఈ నేల మాట. అటువంటి ఈ ప్రాంతపు పలుకుబడితోనే గురజాడ 'కన్యాశుల్కం' వ్రాశారని ఆ రోజు పాఠం పక్కన పెట్టి చెప్పవలసి వచ్చింది. ఆ నవ్వు తరువాత ఆమె వెనుక బెంచీ నుండి ముందు బెంచీకి వచ్చింది. 'ళ' అక్షరం ఆమెకు నాలుక తిరగడానికి దసరా సెలవుల దాకా పట్టింది.

మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసే సమయానికి ఆమె తండ్రికి కార్వార్ బదిలీ అయింది. ఇంటర్ మధ్యలో బోర్డు మారితే ఒక ఏడాది వృథా అవుతుందని ఇంటిల్లిపాదీ కూర్చొని లెక్క వేసుకొన్నారు. తండ్రి ఒక్కరే వెళ్లడానికి నిర్ణయమైంది. తల్లీకూతుళ్లు మళ్లీ శ్రీహరిపురంలో అద్దె ఇల్లు చూసుకొన్నారు. ఈసారి ఇంటి యజమానురాలితో అద్దె బేరం చేసింది కూతురే, అదీ తెలుగులో. ఆ ఇంటి ఆరు నల్లపెట్టెలలో ఒకదాని మీద మాత్రమే తెల్లరంగుతో కొత్త ఊరి పేరు వ్రాశారు. మిగిలిన అయిదూ రెండో సంవత్సరం పరీక్షలయ్యేవరకు 'విశాఖపట్టణం' అనే పేరుతోనే మంచం కింద ఉన్నాయి.